పదహారు వారాలు, నాలుగు రౌండ్లు

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, జూనియర్ కాలేజీ గ్రౌండు తెల్లవారుజామున ఐదు కాకముందే నిండిపోతుంది. నెల తిరిగేసరికి పలచబడుతుంది. మానేసినవాళ్లను అడిగితే రెండే జవాబులు. ఒకటి, కాలు నొప్పి. రెండోది, ‘ఎంత ఉరికినా టైమింగ్ తగ్గుతలేదు సార్’. బద్ధకంతో మానేసినవాళ్లు నిజానికి తక్కువ. చీకట్లో లేచి, వీధికుక్కలను తప్పించుకుంటూ గ్రౌండు దాకా వచ్చిన మనిషిని బద్ధకస్తుడని ఎలా అంటాం? వాళ్ల కష్టంలో లోటు లేదు, ఆ కష్టానికి ఒక వరస లేదంతే. ఈ అధ్యాయం ఆ వరస గురించి.

రోజూ గ్రౌండులో జరిగేది చూడండి. రాగానే చేతులు రెండు తిప్పులు తిప్పడం, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కడం, నాలుగు రౌండ్లు ప్రాణం పెట్టి ఉరకడం. నడుం మీద చేతులు వేసుకుని రొప్పుతూ టైము చూసుకోవడం. నిన్నటికంటే నాలుగు సెకన్లు తగ్గితే సంబరం, పెరిగితే దిగులు. మర్నాడు మళ్లీ అదే. దీన్ని సాధన అనరు, పరీక్ష అంటారు. పుస్తకం తెరవకుండా రోజూ మోడల్ పేపర్ రాస్తూ కూర్చున్నవాడికి మార్కులు ఎక్కడినుంచి పెరుగుతాయి? మొదటి రెండు వారాలు కొంత పెరుగుతాయి, శరీరం కొత్తది కాబట్టి. ఆ తర్వాత ఆగిపోతాయి. సరిగ్గా అప్పుడే ముంగాలి ఎముక నొప్పి మొదలవుతుంది.

ముందు లెక్క తేల్చుకుందాం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్ జంప్ పురుషులకు 4 మీటర్లు, మహిళలకు 2.50 మీటర్లు. షాట్‌పుట్‌లో పురుషులు 7.26 కిలోల గుండును 6 మీటర్లు, మహిళలు 4 కిలోల గుండును 4 మీటర్లు వేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు పదిన్నర నిమిషాలు ఇస్తున్నారు. 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ వేరే ఉంటాయి. ఈ అంకెలు శాశ్వతం కావు. తెలంగాణలోనే 2018లో పురుషుల పరుగు 800 మీటర్లు. అందుకని రూమ్మేట్ చెప్పిన అంకెను, అన్న చెప్పిన అంకెను పక్కన పెట్టి, మీ నోటిఫికేషన్ పీడీఎఫ్‌లో ఉన్న అంకెను నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి.

ఇప్పుడు దాన్ని ముక్కలు చేయాలి. 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. రౌండుకు దాదాపు 109 సెకన్లు, 200 మీటర్లకు 54. ఇది అంత భయంకరమైన వేగమేమీ కాదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జి 2024లో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో ఒక్క రౌండును 55.07 సెకన్లలో ముగించింది. మీకు కావలసింది ఆ వేగంలో సగం. ఊళ్లో ఆరోగ్యంగా ఉన్న కుర్రాడెవరైనా ఒక రౌండు 109 సెకన్లలో తిరిగేస్తాడు. చిక్కంతా రెండో రౌండు చివర మొదలై మూడో రౌండులో ముదురుతుంది. అంటే మీకు లేనిది వేగం కాదు, ఆ వేగాన్ని నిలబెట్టే దమ్ము. ఈ తేడా తెలిస్తే ప్రణాళిక సగం తయారైనట్టే.

లక్ష్యాన్ని మాత్రం 7:15 దగ్గర పెట్టుకోకండి. ఏడు నిమిషాలకు, అంటే రౌండుకు 105 సెకన్లకు పెట్టుకోండి. ఆ రోజు గ్రౌండు కొత్తది, పక్కన గుంపు ఉంటుంది, రాత్రి నిద్ర పట్టి ఉండదు. ఆ పదిహేను సెకన్లు వాటికోసం.

ఇంకో మాట చెప్పి ముందుకు పోతాను. పరుగులో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో పట్టేసినట్టు అనిపించినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెజబ్బుతో హఠాత్తుగా పోయినా, ఆస్తమా ఉన్నా, డాక్టరుకు చూపించుకున్నాకే మొదటి వారం మొదలుపెట్టండి. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

మెల్లగా ఉరికే నెల

న్యూజిలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒక కోచ్ ఉండేవాడు. ఆయన శిష్యుడు పీటర్ స్నెల్ పరిగెత్తేది 800 మీటర్లు, అంటే రెండు నిమిషాలు కూడా పట్టని పందెం. అలాంటివాడితో లిడియార్డ్ వారానికి నూరు మైళ్లు పరిగెత్తించేవాడు, మారథాన్ రన్నర్లతో సమానంగా. అందరూ వింతగా చూశారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అదే రోజు లిడియార్డ్ మరో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లు గెలిచాడు. ముందు పునాది వేసి, ఆ తర్వాతే వేగం జోడించాలన్నది లిడియార్డ్ పద్ధతి. మీరు నూరు మైళ్లు పరిగెత్తనక్కర్లేదు, పరిగెత్తకూడదు కూడా. కానీ ఆ వరసను తీసుకోవచ్చు.

కాబట్టి మొదటి నాలుగు వారాలు, నాలుగో వారం చివర పెట్టుకునే ఒక్క పరీక్షకు తప్ప, స్టాప్‌వాచ్ రౌండ్ల కోసం నొక్కొద్దు. వారానికి నాలుగు రోజులు, మొదట ఇరవై నిమిషాలు, మెల్లగా పెంచుకుంటూ ముప్పై అయిదు నిమిషాలు, పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంలో. రెండు మూడు మాటలకే ఊపిరి తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. అసలు పరిగెత్తడమే కొత్తయితే మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఇలా కలుపుకుంటూ పోండి. పరుగు అయ్యాక 80 మీటర్ల దూరం నాలుగుసార్లు హాయిగా, కాస్త వేగంగా. ఊపిరి బిగబట్టి కాదు, కాళ్లు తేలిగ్గా వేస్తూ.

ఇక్కడే అందరూ అడ్డం తిరుగుతారు. ‘సార్, గింత మెల్లగ ఉరికితే ఏమస్తది?’ వచ్చేది బయటికి కనిపించదు. గుండె ఒక్కో కొట్టుకు పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఆక్సిజన్‌ను శక్తిగా మార్చుకునే సామర్థ్యం పెరుగుతుంది. మూడో రౌండులో మిమ్మల్ని నిలబెట్టేవి ఇవే.

అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే మాట వింటాయి. ఎముకలు, వాటిని కండరాలతో కలిపే నరాల్లాంటి గట్టి కట్లు అంత తొందరగా మారవు, వాటికి నెలలు పడుతుంది. దమ్ము వచ్చేసింది కదా అని మూడో వారంలోనే వేగం పెంచితే ఊపిరి సహకరిస్తుంది, కాలు సహకరించదు. ముంగాలి ఎముక లోపలి అంచు పొడుగునా సలుపు మొదలవుతుంది. గ్రౌండులో దీన్ని షిన్ పెయిన్ అంటారు. నొప్పి జానెడు మేర పాకినట్టు ఉండి, వేడెక్కాక తగ్గుతుంటే పరుగు సగానికి తగ్గించి, మట్టి మీద మాత్రమే పరిగెత్తండి, ఐసు పెట్టండి. అలా కాకుండా వేలితో నొక్కితే ఒకే ఒక్క చోట కలుక్కుమంటుంటే, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే, ఎముకలో సన్నటి చీలిక వచ్చిందేమోనని అనుమానించాలి. పరుగు ఆ రోజే ఆపి ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ రెండో రకం నొప్పికి టాబ్లెట్ వేసుకుని పరిగెత్తినవాళ్లు ఆ నోటిఫికేషనే పోగొట్టుకుంటారు.

టాబ్లెట్ అంటే గుర్తొచ్చింది. పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద భారం వేస్తాయి. దమ్ము పెంచుతాయంటూ చేతులు మారే ఇంజెక్షన్ల గురించి మాట్లాడటం కూడా అనవసరం, వాటి జోలికే వెళ్లొద్దు.

రోడ్డు మీద పరుగు గురించి ఒక ముక్క. గ్రౌండు దూరమని చాలామంది హైవే పక్కన పరిగెత్తుతారు. తారు రోడ్డు కాలికి మట్టికంటే గట్టి, అది ఒక నష్టం. తెల్లవారుజామున నిద్రమత్తులో లారీ తోలేవాడు ఉంటాడు, అది రెండోది. పొలాల మధ్య మట్టిబాట ఉంటే అదే మేలు. కొలత తెలియకపోయినా ఈ నెల మీకు కొలతతో పనిలేదు. నిమిషాలు చాలు.

వేగం మార్చకు, ముక్క మార్చు

అయిదో వారం నుంచి స్టాప్‌వాచ్ తీయండి. ఇప్పుడు మీరు నాలుగు రౌండ్లు తొమ్మిది నిమిషాల్లో వేస్తున్నారనుకుందాం. రౌండుకు 135 సెకన్లు. దీన్ని 130 చేసి, 125 చేసి, మెల్లగా 105కు దించుదామని అందరికీ తోస్తుంది. ఆ దారిలో వెళితే పరీక్షనాటి వేగం ఎలా ఉంటుందో పరీక్షనాడే తెలుస్తుంది. దాని బదులు పరీక్ష వేగాన్నే మొదటి రోజు నుంచి పట్టుకోండి, చిన్న ముక్కల్లో. 200 మీటర్లు 54 సెకన్లలో పరిగెత్తి, మిగిలిన 200 నడవండి. ఇలా ఎనిమిదిసార్లు. మొత్తం కలిపితే 1600 మీటర్లే. పరీక్ష వేగంతోనే పరిగెత్తారు, మధ్యలో ఊపిరి తీసుకున్నారు, అంతే తేడా. తర్వాతి వారాల్లో ముక్క పొడవు పెంచుతారు, విశ్రాంతి తగ్గిస్తారు. వేగం జోలికి దాదాపు పోరు.

ఈ ముక్కల పద్ధతి కొత్తదేం కాదు. 1930ల్లో జర్మనీ కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్ దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. ఆయన శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. మధ్యలో ఇచ్చే విశ్రాంతి కూడా శిక్షణలో భాగమేనని వాళ్లు గుర్తించారు. మీ గ్రౌండులో ఇంటర్వెల్స్ అంటున్నది దీన్నే.

అయిదు, ఆరు వారాలు 200 మీటర్ల ముక్కలు. ఏడో వారం 400 మీటర్లు నాలుగుసార్లు, ఒక్కోటి 108 సెకన్లలో, మధ్యలో రెండున్నర నిమిషాల నడక. ఎనిమిదో వారం తేలిక, దాని సంగతి తర్వాత చెబుతాను. తొమ్మిది, పది వారాల్లో అవే 400లు అయిదు, ఆరుసార్లు, నడక నిమిషంన్నరకు కుదించి, వేగం 106కు. పదకొండో వారం 800 మీటర్లు 3 నిమిషాల 32 సెకన్లలో మూడుసార్లు, మధ్యలో నాలుగు నిమిషాలు. పదమూడు, పద్నాలుగు వారాల్లో 1200 మీటర్లు 5 నిమిషాల 15 సెకన్లలో, అయిదు నిమిషాల విశ్రాంతి, తర్వాత ఒక్క 400. మూడు రౌండ్లు ఆ వేగంతో నిలబడ్డ కాళ్లకు నాలుగోది పెద్ద సంగతి కాదు.

మహిళల 800 మీటర్లకు ఇదే సూత్రం. 5 నిమిషాల 20 సెకన్లంటే రౌండుకు 160 సెకన్లు. లక్ష్యం 150 పెట్టుకోండి. 75 సెకన్లలో 200 మీటర్లు ఆరుసార్లతో మొదలుపెట్టి, 300కు, 400కు, 600కు వెళ్లండి. ఆంధ్ర అభ్యర్థులు 8 నిమిషాలకు రౌండుకు 120 సెకన్లు, పదిన్నరకు 157 లెక్కన తమ ముక్కలు తామే కట్టుకోవచ్చు. ఇద్దరూ అయిదారు సెకన్లు తక్కువకే గురిపెట్టాలి.

ఇంటర్వెల్స్ వారానికి ఒక్కరోజు. పదో వారం తర్వాత, కాళ్లు బాగుంటే, రెండో కఠినమైన రోజు కలపవచ్చు. ఆ రోజు పదిహేను ఇరవై నిమిషాలు, ముక్కలు ముక్కలుగా మాట్లాడగలిగే వేగంలో ఆగకుండా పరుగు. రెండు కఠినమైన రోజుల మధ్య కనీసం రెండు రోజుల ఎడం. మిగతా పరుగులన్నీ మొదటి నెలలో పరిగెత్తినంత మెల్లగానే. అక్కడే నిగ్రహం కావాలి. పక్కన ఎవడో దూసుకుపోతుంటాడు, మీ కాలు ఊరుకోదు. పోనివ్వండి వాణ్ని. మెల్లగా ఉరకాల్సిన రోజు కాస్త వేగంగా ఉరికినవాడు, వేగంగా ఉరకాల్సిన రోజు కాస్త మెల్లగానే ఉరుకుతాడు. చివరికి వారమంతా ఒకే వేగం అయి కూర్చుంటుంది.

ప్రతి నాలుగో వారం పనిని మూడో వంతు తగ్గించండి. ఇంటర్వెల్స్ ఉండవు. ఆ వారం చివర, ఆదివారం, నాలుగు రౌండ్లు పరీక్షలా పరిగెత్తి టైము రాసుకోండి. నాలుగు, ఎనిమిది, పన్నెండు. పదహారు వారాల్లో మీరు పరీక్ష రాసేది ఈ మూడుసార్లే.

జిమ్ లేకపోతే

పరుగుకు, గెంతుకు, గుండుకు మూడింటికీ పనికొచ్చేది కాళ్ల బలం. వారానికి రెండు రోజులు, మెల్లని పరుగు అయ్యాక, అరగంట చాలు. బళ్లో సారు తీయించిన గుంజీళ్లు శిక్ష అనుకుంటాం కానీ, చెవులు వదిలేసి వీపు నిటారుగా పెట్టి తీస్తే అంత మంచి వ్యాయామం ఇంకొకటి లేదు. దండీలు, గ్యాలరీ మెట్టు మీద ఒక్కో కాలితో ఎక్కిదిగడం, మడమలు లేపి ముని వేళ్ల మీద నిలబడటం. ఈ ఆఖరిది పిక్కలకు, ముంగాలి నొప్పి రాకుండా ఉండటానికి. అందరూ వదిలేసేది దీన్నే.

బరువు కావాలంటే ఇంట్లో బబుల్ టిన్ ఉంది. నిండితే ఇరవై కిలోలు. సగం నింపి మొదలుపెట్టండి. నడుం వంచకుండా మోకాళ్లు వంచి నేలమీంచి లేపడం, రెండు చేతులకు రెండు టిన్నులు పట్టుకుని నలభై అడుగులు నడవడం. రెండు వారాలకొకసారి రెండు లీటర్లు పెంచుకుంటూ పోవచ్చు. అంత కచ్చితంగా బరువు పెంచుకునే వీలు చాలా జిమ్ముల్లో కూడా ఉండదు.

ఎన్నిసార్లు అంటే, మూడు సెట్లు, సెట్టుకు పది. ఈ లెక్కకు ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు చికాగోలోని గార్డినర్ సైనికాసుపత్రిలో థామస్ డెలార్మ్ అనే డాక్టరు చికిత్స చేసేవాడు. అప్పటిదాకా అలాంటివాళ్లతో తేలికపాటి కసరత్తు ఎక్కువసార్లు చేయించేవారు. ఆయన బరువు పెట్టి, వారం వారం పెంచుకుంటూ పోయాడు. కాళ్లు వేగంగా కోలుకున్నాయి. 1945లో ఆ పద్ధతిని ప్రచురించాడు. మొదట్లో ఏడు నుంచి పది సెట్లు చేయించేవాడు. తర్వాత మూడు సెట్లు సరిపోతాయని తనే తగ్గించాడు. ఇక్కడ మన కుర్రాళ్లు రీల్స్ చూసి పది సెట్లు తీసి, మర్నాడు మెట్లు దిగలేక ఇంటర్వెల్స్ మానేస్తారు.

గెంతు, గుండు

ఇవి బలంకంటే పద్ధతి మీద ఆడతాయి. వారానికి రెండుసార్లు, అలసిపోకముందు, ఇరవై నిమిషాలు.

లాంగ్ జంప్‌లో ఎక్కువమంది ఓడిపోయేది దూరం చాలక కాదు, బోర్డు తగలక. ఒకసారి బోర్డు దాటి ఫౌల్, భయపడి రెండోసారి జానెడు వెనకనుంచే గెంతు. మందు చిన్నదే. బోర్డు మీద నిలబడి, గుంటకు వీపు పెట్టి, వెనక్కి పరిగెత్తండి. పదమూడో అడుగు ఎక్కడ పడిందో స్నేహితుణ్ని చూడమనండి. నాలుగైదుసార్లు చేస్తే ఆ అడుగు దాదాపు ఒకేచోట పడుతుంది. అక్కడ గుర్తు పెట్టి, బోర్డు నుంచి ఆ గుర్తుకు మీ పాదాలతో దూరం కొలిచి రాసుకోండి. కొత్త గ్రౌండులో కూడా అదే కొలతతో నిలబడొచ్చు. కింద పడేటప్పుడు వెనక్కి చేయి ఆనించొద్దు. కొలిచేది బోర్డుకు దగ్గరగా ఇసుకలో పడిన గుర్తు నుంచి. చేయి ఆనితే అడుగున్నర పోయినట్టే.

గుండును రాయి విసిరినట్టు విసరడం రెండో పొరపాటు. గుండు భుజం వెనక్కి పోతే ఫౌల్, పైగా భుజం పట్టేస్తుంది. వేళ్ల మొదళ్లలో పట్టుకుని, దవడ కింద మెడకు ఆనించి, మోచేయి పైకి లేపి, మోకాలు వంచి, కింది నుంచి మొత్తం ఒంటితో తోయాలి. చేయి ఆఖర్న వస్తుంది. ఆరు మీటర్లు దాటనివాళ్లు చాలామంది మోకాలు వంచకుండానే వేస్తుంటారు. గుండు ఖరీదు ఒక్కరే పెట్టుకోనక్కర్లేదు, అయిదుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. వేశాక వృత్తంలోంచి ముందువైపు బయటికి అడుగు పెట్టకూడదన్నది సాధనలోనే అలవాటు చేసుకోండి.

తిండి, రక్తం, నిద్ర

అమ్మాయిల విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. వారాల తరబడి శ్రద్ధగా పరిగెత్తినా దమ్ము రావట్లేదంటే, సాధన పెంచేముందు హీమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉంది. 12 గ్రాములకంటే తక్కువ ఉంటే కండరాలకు ఆక్సిజన్ మోసుకెళ్లేదే తక్కువ. అలాంటప్పుడు ఇంటర్వెల్స్ పెంచడం దండగ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేస్తారు, ఐరన్ మాత్రలూ ఇస్తారు. మాత్రను టీతో వేసుకోవద్దు, నిమ్మరసంతో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. అమ్మాయిలు చీకట్లో గ్రౌండుకు రావడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే, సాయంత్రం పరిగెత్తినా ఫలితం అదే. గ్రౌండులో లైటు, బాత్రూము ఉండేలా చూడాల్సినవాళ్లు చూడరు, దానికి ఈ పిల్లలు సాకులు చెబుతున్నారనే పేరు మోస్తారు.

తిండికి ప్రోటీన్ డబ్బా కొననక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చెబుతుంది. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఇంత సాధన చేసేవాళ్లకు ఇంకో ఇరవై ముప్పై గ్రాములు కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు, గుప్పెడు పల్లీలకు ఏడెనిమిది. రెండు పూటలా గట్టి పప్పు, పెరుగు, రెండు మూడు గుడ్లు, ఉడకబెట్టిన శనగలో బొబ్బర్లో. హాస్టల్ మెస్సులో పప్పు నీళ్లలా ఉంటే ఆ గుడ్లు, పల్లీలే ఆధారం. పరుగుకు ముందు అరటిపండు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ. వేసవిలో ఏడు గంటలు దాటాక కఠినమైన పని పెట్టుకోవద్దు.

రాత్రి ఒంటిగంట దాకా జనరల్ స్టడీస్ చదివి నాలుగున్నరకు లేచేవాడికి నేనిచ్చే ప్రణాళిక ఏదీ పనిచేయదు. శరీరం మరమ్మతు చేసుకునేది నిద్రలోనే. అయిదు గంటలకంటే తక్కువ పడుకున్న రోజు ఇంటర్వెల్స్ ఉంటే, దాన్ని మెల్లని పరుగుగా మార్చి, ఇంటర్వెల్స్ మర్నాటికి జరపండి. ప్రణాళిక అంటే రాసింది రాసినట్టు చేయడం కాదు, ఏది ఎందుకుందో తెలిసి కదపడం.

నోటుబుక్కులో రోజుకు ఒక్క వరస చాలు: ఏం చేశాను, ఎంత కష్టంగా అనిపించింది పదికి, నిద్ర ఎన్ని గంటలు, ఎక్కడైనా నొప్పి ఉందా. మూడు వరసల్లో ‘కుడి కాలు’ అనే మాట కనిపించిందంటే నాలుగో రోజు విశ్రాంతి. జ్వరం వచ్చి వారం పోతే, పోయిన వారాన్ని కలిపి రెట్టింపు చేయొద్దు. ఒక వారం వెనక్కి వెళ్లి అక్కడినుంచి మళ్లీ రండి.

ఆఖరి వారం

పదిహేనో వారంలో పని సగం. పదహారో వారంలో ఇంకా తక్కువ: సోమవారం 400 మీటర్లు రెండుసార్లు పరీక్ష వేగంతో, మిగతా రోజులు ఇరవై నిమిషాల మెల్లని పరుగు, చివరి రెండు రోజులు నడక. చివరివారం కష్టపడితే దమ్ము పెరగదు, కాళ్లు బరువెక్కుతాయి. కొత్త బూట్లు ఆ రోజుకని కొని దాచకండి. కనీసం మూడు వారాలు అరగదీసిన జతే వేసుకోవాలి.

ఆ రోజు వరసలో, సర్టిఫికెట్ల పరిశీలనలో గంటలకొద్దీ కూర్చోవాల్సి వస్తుంది. అరటిపళ్లు, నీళ్లు, పల్లీ పట్టీలు వెంట ఉంచుకోండి. మీ బ్యాచ్ పిలుపుకు పదిహేను నిమిషాల ముందు లేచి నడవడం మొదలుపెట్టండి, స్థలం దొరికితే 50 మీటర్లు రెండు మూడుసార్లు ఉరకండి. కాలికో ఒంటికో కట్టే చిప్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, మీ టైము చెప్పేది అదే.

విజిల్ ఊదగానే గుంపంతా పులి వెంటపడ్డట్టు దూసుకుపోతుంది. మొదటి రౌండును 95 సెకన్లలో వేసినవాళ్లలో చాలామంది మూడో రౌండులో నడుస్తూ కనిపిస్తారు. మీకు చేతి గడియారం అనుమతించకపోయినా ఫర్వాలేదు, పదహారు వారాలుగా 105 సెకన్ల అడుగు ఎలా ఉంటుందో మీ కాళ్లకు తెలుసు. మొదటి రెండు వందల మీటర్లు మీకు మరీ మెల్లగా ఉన్నట్టు అనిపించాలి. లోపలి గీతకు దగ్గరగా ఉండండి, వంపుల్లో బయటి వరసల్లో పోతే నాలుగు రౌండ్లకు చాలా మీటర్లు ఎక్కువ పడతాయి. ఎవరినైనా దాటాలంటే సూటిగా ఉన్నచోట దాటండి. డొక్కలో పోటు వస్తే ఊపిరి బలంగా బయటికి వదులుతూ అడుగు తగ్గించకుండా ఉండండి. మూడో రౌండులో ముందున్నవాడి వీపు మీద చూపు పెట్టి వాడికి ఎంత దూరంలో ఉన్నారో అంతే దూరంలో ఉండండి. ఆఖరి 200 మీటర్లలో మిగిలిందంతా ఖర్చు చేయండి.

గీత దాటగానే కూలబడొద్దు. మెల్లగా నడుస్తూ ఉండండి, రెండు గుక్కలు నీళ్లు తాగండి. ఇంకా లాంగ్ జంప్ ఉంది. బోర్డు నుంచి మీ గుర్తుకు ఎన్ని పాదాలో నోటుబుక్కులో చూసుకోండి.